అత్తయ్య వేషం

ఏడేళ్ల కాపురం ముక్కలైన మూడేళ్లకు ఒక సినిమా ఎడిటర్ తన కథనే సినిమాగా తీయడానికి పూనుకుంది. అంతవరకూ పరాయివాళ్ల సినిమాలు కత్తిరించిన మనిషి. నిర్మాత దొరక్క, స్నేహితురాలి ఖాళీ ఫ్లాటులో ఆరుగురితో షూటింగ్ మొదలుపెట్టింది.

అత్తగారి పాత్రకు ఒప్పుకున్నావిడ సీరియల్లో అవకాశం రాగానే చెప్పాపెట్టకుండా మానేసింది. ఆ సంగతి ఆ నోటా ఈ నోటా పడి అసలు అత్తగారికే చేరింది. మర్నాడు పొద్దున్నే ఆవిడ చేతిసంచీతో గుమ్మంలో నిలబడింది.

“నా వేషం నేనే వేస్తే నీకేమైనా అభ్యంతరమా?”

“మీ అబ్బాయికి తెలుసా అత్తయ్యా?”

“వాడికీ నీకూ మధ్య కబుర్లు మోసే ఉద్యోగం ఎప్పుడో మానేశాగా.”

నిజమే. చివరి ఏడాది అతను భార్యతో నేరుగా మాట్లాడలేదు. ఎందుకో చెప్పనూ లేదు. ఒకే బల్ల దగ్గర కూర్చుని, “నీళ్లిమ్మని చెప్పమ్మా” అనేవాడు. తల్లి చెప్పేది. జవాబూ ఆవిడే చేరవేసేది.

ఆ రోజు తీయాల్సింది కోడలు ఇల్లు విడిచే సన్నివేశం. కోడలి వేషంలో ఉన్న నటి పెట్టె పట్టుకుని వెళ్లిపోతుంది. అత్తగారు తలవంచుకుని బఠాణీలు ఒలుస్తూ ఉండిపోవాలి. అప్పుడు జరిగిందీ అంతే.

కెమెరా తిరిగింది. నటి గుమ్మం దాకా వచ్చేసరికి ఆవిడ గింజలు చెదిరేలా పళ్లెం పక్కకు నెట్టి లేచి, పెట్టె పిడి పట్టుకుంది.

“పోవద్దు తల్లీ. వాడు నోరు విప్పేదాకా నేను అన్నం ముట్టను.”

నటి తెల్లమొహం వేసింది. ఎడిటర్ కట్ చెప్పడం మరిచిపోయింది. కెమెరామనే ఆపేశాడు.

ఆవిడ మళ్లీ నేలమీద కూర్చుంది. ఎడిటర్ వచ్చి పక్కన కూలబడింది.

“ఆ రోజు ఈ ముక్క అనుంటే ఆగిపోయేదాన్ని అత్తయ్యా.”

“తెలుసు. అందుకే అనలేదు.” ఆవిడ పళ్లెం దగ్గరికి లాక్కుంది. “నువ్వు ఆగితే మళ్లీ నేనే మధ్యలో నలగాలి. అలిసిపోయానమ్మా. నువ్వు పోతే ఇంట్లో కాస్త ప్రశాంతంగా ఉంటుందనుకున్నా.”

తనకు కోపం వస్తుందేమోనని ఎడిటర్ చూసింది. రాలేదు. కిందపడ్డ గింజలు ఒక్కొక్కటే ఏరి పళ్లెంలో వేసింది.

“ఇంకోసారి తీద్దాం. జరిగింది జరిగినట్టే చేయండి.”

రెండోసారి ఆవిడ తలెత్తలేదు. సినిమాలో ఎడిటర్ అదే ఉంచింది. మొదటిది ఎడిటింగ్ గదిలో తనొక్కతే ఎన్నిసార్లు చూసుకుందో లెక్కలేదు.

చిన్న హాల్లో నలభైమంది సినిమా చూశారు. మాజీ భర్త రాలేదు. అత్తగారు వెనక వరసలో కూర్చుంది. తెరమీద తను తలెత్తని ఆ సన్నివేశం రాగానే లేచి వెళ్లిపోయింది. ఎడిటర్ పరుగున బయటికి వచ్చేసరికి ఆవిడ ఎక్కిన బస్సు కదిలిపోయింది. తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఆవిడ ఎత్తలేదు.