మూడు పుల్లల సబ్బు

నూకయ్య ఎడమ చేతిని వెల్లకిలా తిప్పి ట్యూబులైటు కిందికి జరిపాడు. మణికట్టు నుంచి మోచేతి మడత దాకా నాలుగు పట్టీలుగా వెంట్రుకలు గీసిన చర్మం. మూడు రోజులుగా పొద్దున్నే ఇదే పని. షట్టరు సగం ఎత్తి, పటానికి ఊదొత్తి గుచ్చి, బెంచీ మీద కూర్చుని, తన చేతిని పరాయివాడి చేతిలా పరీక్ష చేస్తున్నాడు. మొదటి పట్టీ నిన్న సాయంత్రానికే ఎర్రబడింది. రెండోదాని మీద ఆవగింజల్లాంటి పొక్కులు. నాలుగోది పైకి బాగానే ఉంది గాని గోటితో రాస్తే చురుక్కుమంటోంది. మూడో పట్టీ మాత్రం తన పాటికి తను చల్లగా ఉంది.

అద్దం ముందు బల్ల మీద నాలుగు తలనొప్పి మందు డబ్బాలు, ఒక్కోదాంట్లో గోరంత సబ్బు ముక్క. సబ్బుల మీద పేర్లన్నీ ఇంగ్లీషులో ఏడుస్తాయి. నూకయ్యకి తెలుగే కూడబలుక్కుంటే గాని రాదు. అందుకని మూతల మీద అగ్గిపుల్లలు అంటించాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మూడు పుల్లల డబ్బా తీసి ముందుకు పెట్టి, మిగతా మూడూ సొరుగులోకి తోశాడు.

ఆమదాలవలస స్టేషను నుంచి బయటకొచ్చే రోడ్డులో, ఆటోలు ఆగే చోట, ఒక్క కుర్చీ కొట్టు అది. కొట్టు పెట్టి ముప్పై ఎనిమిదేళ్ళు. నిలబడి నిలబడి నూకయ్య పిక్కల మీద నరాలు వానపాముల్లా పైకి తేలాయి. మెడ ఎప్పుడూ కుడివైపుకే ఒంగి ఉంటుంది, ఎదురుగా కుర్చీలో ఎవరూ లేకపోయినా సరే. ఎత్తు లేదు, పేరు లేదు. ఊళ్ళో సగం మంది అతన్ని 'స్టేషను మంగలి' అంటారు. వాళ్ళ బుగ్గల మీద ఏ మచ్చ ఎక్కడుందో అతనికి తెలుసు. అతని ఇంటిపేరు వాళ్ళకి తెలీదు.

కాని ఒక కట్టు ఉంది. తండ్రి పెట్టిన కట్టు. ఏ కొత్త సబ్బయినా మూడు రోజులు మన బుగ్గ మీద ఆడాకే బేరం బుగ్గ మీదికి వెళ్ళాలి. స్టేషను దగ్గర మంగళ్ళందరూ ఇలా గోరంత ముక్కలు కోసి ఒకరికొకరు ఇచ్చుకుంటారు. ముక్క నచ్చితేనే బిళ్ళ కొంటారు. కత్తి పెట్టడానికి గొంతు చాచి ఇచ్చిన మనిషే, అదే చేతి మంచినీళ్ళకి మొహం తిప్పుకున్న రోజులు నూకయ్య చూశాడు. అయినా కట్టు తప్పలేదు. ఎవడు చూస్తున్నాడని? ఎవడూ చూడలేదు. ఎవడూ చూడనప్పుడు నడిచేదే కట్టు.

ఆ కట్టే కిందటి నెల అతన్ని నట్టేట ముంచింది.

కొన్నేళ్ళుగా వాడుతున్న గిన్నె సబ్బు రావడం ఆగిపోయింది. కంపెనీ ఆపేసిందన్నాడు సరుకు వేసే ధనరాజ్. బదులుగా నిమ్మకాయ వాసన సబ్బొకటి ఇచ్చాడు. నూకయ్య పద్ధతి ప్రకారం మూడు రోజులు తన ఎడమ బుగ్గ మీద ఆడించాడు. చీమ కుట్టినట్టయినా లేదు. నాలుగో రోజు జగన్నాధం గడ్డానికి పట్టించాడు.

జగన్నాధం తిలారు నుంచి మంగళవారం, శుక్రవారం పాసింజర్లో దిగుతాడు. రెండు మూత్రపిండాలూ పోయాయి. ఇక్కడ దిగి, ఆటోలో శ్రీకాకుళం ఆసుపత్రికి వెళ్ళి, డయాలసిస్ చేయించుకుని, సాయంత్రం బండికి తిరిగి వెళ్తాడు. ఆ జబ్బుకి ఒళ్ళంతా దురద, చర్మం ఎండిన చెరువు మట్టిలా ఉంటుంది. అయినా దిగగానే ముందు కుర్చీ ఎక్కాల్సిందే.

"గెడ్డం తీయించుకుని ఎల్తే సుట్టంలాగ ఎల్తాను. గెడ్డంతో ఎల్తే రోగిలాగ ఎల్తాను," అనేవాడు.

ఆ నిమ్మకాయ సబ్బుతో అతని మొహం గంటలో కందిపోయింది. మంచం మీద నాలుగు గంటలు, ఒక చేతికి సూదులు, రెండో చెయ్యి నర్సు పట్టుకున్నా ఆగలేదట, రక్తాలొచ్చేలా గోక్కున్నాడట. తర్వాత నాలుగుసార్లు పాసింజరు వచ్చింది. జగన్నాధం మాసిన గడ్డంతో కొట్టు ముందు నుంచే నడిచి, చెయ్యి ఎత్తి, ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. ఒక్క మాట అనలేదు. అని ఉంటే నూకయ్యకి నిద్ర పట్టేది.

తప్పు ఎక్కడ జరిగిందో చెప్పింది దాలమ్మ, అతని భార్య. చారు పోస్తూ చెప్పింది.

"నలభై ఏళ్ళబట్టి వొచ్చిన సబ్బల్లా ఆ బుగ్గకే రాసినావు. అదింకా బుగ్గేటయ్యా? సెప్పు తోలు! దానికేటి తెలుస్తాది, నా మొగం?"

నూకయ్య చెయ్యి కంచంలో ఆగిపోయింది. నిజమే. వచ్చినవాళ్ళ బుగ్గలు కాయడానికి కాపలా పెట్టిన బుగ్గ అది. కాపలా కాసీ కాసీ మొద్దుబారిపోయింది. అది ఎన్నాళ్ళ నుంచి అబద్ధం చెబుతోందో, ఎంతమంది మంట ఓర్చుకుని ఊరుకున్నారో. ఆ రోజే అతను ఒంట్లో సబ్బు ఎరగని చోటు వెతికాడు. మోచేతి లోపలివైపు దొరికింది.

ఇవాళ శుక్రవారం. తొమ్మిదింటికి పాసింజరు కూత వేసింది. నూకయ్య షట్టరు పూర్తిగా లేపి రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాడు. బేరం కోసం రోడ్డెక్కడం అతని జన్మలో లేదు.

"ఏటి మావా, కొట్టు ఒగ్గీసి ఆటో నడుపుతావేటి?" ఆటో శివాజీ పళ్ళికిలించాడు. "ఆ సెయ్యేటి, నున్నగా గీసీసినావు? పెళ్ళిసూపులా?"

"నోర్ముయ్యిరా. పది నిమిషాలు ఆగు. జగన్నాధం బావుకి గెడ్డం సేసి పంపుతాను."

"ఆయన సేయించుకోడు మావా. మొన్న ఆటోలో అన్నాడు. ఇంక గెడ్డమే పెంచీస్తాను, సన్నాసుల్లో కలిసిపోతానని."

జగన్నాధం మెట్లు దిగి వస్తున్నాడు. పక్కన భార్య తవిటమ్మ, చంకలో సంచి. ఒకప్పుడు రైసుమిల్లులో బస్తా ఎత్తి లారీలోకి విసిరిన మనిషి, ఇప్పుడు చొక్కాలో గాలి నడుస్తున్నట్టు నడుస్తున్నాడు. తెల్లటి గడ్డం బుగ్గ గుంటల్లోకి పాకింది. చెయ్యి ఎత్తబోయాడు. నూకయ్య ఎత్తనివ్వలేదు, ఆ చెయ్యే పట్టుకున్నాడు. మణికట్టు దగ్గర, సూదుల కోసం నరాలు కలిపి కుట్టిన చోట, చర్మం కింద జుమ్మని ఏదో ఆడుతోంది.

"సూసినావా నూకా? నా సేతిలో మిల్లు ఆడతంది," అన్నాడు జగన్నాధం. "ఒగ్గీ. బండి దిగినోడిని దిగినట్టు పోనీ."

"ఒక్కపాలి కూకో బావు. నచ్చకపోతే లేసిపో."

"ఇంకా ఆ మొగం మీద మంట తగ్గనేదు నూకయ్యా," అంది తవిటమ్మ. కోపంగా కాదు, అలసటగా. "ఆయనకి బతికినన్నాళ్ళూ గోక్కోడమే సరిపోతంది."

నూకయ్య చొక్కా చెయ్యి పైకి మడిచి, నాలుగు పట్టీలూ చూపించాడు. ఎర్రటిది, పొక్కులది, చల్లటిది, చురుక్కుమనేది. దాలమ్మ అన్న మాట కూడా ఉన్నదున్నట్టు చెప్పాడు.

"నా బుగ్గ సచ్చిపోనాది బావు. నాకు తెల్నేదు. దాని మాట నమ్మి నీ మొగం కాల్సీసినాను."

జగన్నాధం ఆ చెయ్యి కేసి చూశాడు. తర్వాత వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

"ముక్క ఇలా తే."

డబ్బాలోని సబ్బుని బొటనవేలితో గట్టిగా నొక్కాడు. పల్లం పడింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇరవై ఆరేళ్ళు ఈ ఊరి రైసుమిల్లులో అతని పని అదే. వచ్చిన ప్రతి బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి, గుప్పెడు ధాన్యం లాగి, అరచేతిలో నలిపి, గింజ పంటితో కొరికి తేమ చెప్పేవాడు. షావుకారు అతని పంటి మీద లారీలు దింపాడు, లారీలు తిప్పి పంపాడు.

"వాసనే నేదేట్రా?"

"వాసనే నీకు పడనిది."

"మంచిదే. వాసన ఎప్పుడూ కొనీవోడి కోసమే." వేలు తువ్వాలుకి తుడుచుకున్నాడు. "ఒరే నూకా, నీకో మాట సెప్తాను, తవిటికి కూడా తెల్దు. ఆఖర్న రెండేళ్ళూ నా పంటికి తేమ తెలిసీది కాదు. ఊరోళ్ళ గింజలన్నీ కొరికీ కొరికీ అరిగిపోనాది. బయటికి సెప్తే తీసీస్తారని, అందాజుగా సెప్పీసీవోడిని. ఓపాలి ఓ రైతు ధాన్యం బంగారంలాగ ఎండింది, నాను తడన్నాను. ఎడ్లబండి మీద తెచ్చినాడు. తిప్పుకుని ఎల్లిపోనాడు. నాకేసి సూసిన సూపు…"

అద్దంలో తవిటమ్మ చూపు, నూకయ్య చూపు, అతని చూపు మూడూ ఒకచోట కలిసి విడిపోయాయి.

"నాను ఆడి కాడికి ఎల్లనేదు. నువ్వు రోడ్డు మీదికి వొచ్చినావు. పట్టించు."

నూకయ్య ముక్క అంచు నుంచి కొంచెం గీకి గిన్నెలో వేసి, గోరువెచ్చటి నీళ్ళలో బ్రష్ ముంచాడు. నురగ పలచగా వచ్చింది, పాలమీగడలా నిలవలేదు. ముందు చెవి వెనక చుక్క పెట్టి, వీధిలో రెండు ఆటోలు బయల్దేరి వెళ్ళేదాకా ఆగాడు. ఎరుపు లేదు. అప్పుడు చెంపకి పట్టించాడు. కొత్త బ్లేడు. వెంట్రుక వాలిన దిక్కుకే గీత, ఎదురు గీయలేదు, ఒకచోట రెండోసారి పెట్టలేదు. బుగ్గ గుంటల్లోకి వేలితో చర్మం లాగి పట్టుకుని, గవ్వ లోపల తుడిచినట్టు తీశాడు. పటిక రాయలేదు, పౌడరు వేయలేదు. తడి గుడ్డతో అద్ది వదిలేశాడు. శివాజీ రెండుసార్లు హారను కొట్టాడు. ఎవరూ పట్టించుకోలేదు.

జగన్నాధం చెంప తడుముకున్నాడు. అద్దంలో పాత మొహం ఒకటి, బాగా చిక్కిపోయినా, అతన్ని చూస్తోంది.

"ఇప్పుడు సుట్టాన్ని," అన్నాడు. "ఈ ముక్క ఎన్నాళ్ళొస్తాది? బిళ్ళ తెప్పించు. మంగలారం వొస్తాను."

మధ్యాహ్నం ధనరాజ్ బండి మీద వచ్చాడు. మూడు పుల్లల డబ్బా తెరిచి చూపించేసరికి మొహం చిట్లించాడు.

"అదా? అది కదలదు నూకయ్య గారూ. వాసన లేదు, నురగ లేదు. విజయనగరం నుంచి తెప్పించాలి, పెట్టె మొత్తం తీసుకోవాలి. గడ్డం చేయించుకున్నాక ఘుమఘుమలాడకపోతే కస్టమరు వస్తాడా?"

"గుమగుమకి కావాలంటే పకోడీల కొట్టుకి ఎల్తాడు. పెట్టె తెప్పించు."

"ఒక్క మనిషి కోసం పెట్టెడు సబ్బా?"

నూకయ్య అతని మొహం కేసి చూశాడు. ధనరాజ్ గడ్డం కింద, కాలరు రాసుకునే చోట, ఎర్రటి దద్దుర్లు. నూకయ్య కొట్లోనే గీయించుకున్న గడ్డం.

"ఒక్కడు కాడు," అన్నాడు. "ఆయనకి తెలిసింది. మిగతావోళ్ళు ఊరుకున్నారు."

సాయంత్రం బండి వేళకి నూకయ్య ఎవరిదో తల సగం కత్తిరించి గుమ్మంలోకి వచ్చాడు. శివాజీ ఆటో స్టేషను ముందు ఆగింది. జగన్నాధం దిగాడు, తవిటమ్మ భుజం పట్టుకుని. డయాలసిస్ అయిన రోజు అతను పిండేసిన గుడ్డలా ఉంటాడు, తల ఎత్తడు. ఇవాళ ఎత్తాడు. రోడ్డుకి అటునుంచి అరచేతిని చెంపకి ఆనించి, పై నుంచి కిందికి మెల్లగా రాసి చూపించాడు. ఎరుపు లేదు, గోటి గీత లేదు. తర్వాత మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

మంగళవారం పెట్టె వచ్చింది. పాసింజరూ వచ్చింది, జగన్నాధం రాలేదు. శుక్రవారమూ రాలేదు. నూకయ్య కొత్త బిళ్ళ కాగితం విప్పకుండా బల్ల మీద ఉంచాడు. శివాజీ ఆ వారం అతనితో వేళాకోళం ఆడలేదు.

మూడో శుక్రవారం తవిటమ్మ ఒక్కతే దిగింది. ఆసుపత్రిలో కాగితాలేవో తీసుకోవడానికి వెళ్తోంది. నుదురు బోసిగా ఉంది. గుమ్మం బయటే నిలబడింది. నూకయ్య స్టూలు వేస్తే కూర్చోలేదు.

"మర్నాడే నూకయ్యా. శనారం తెల్లారగట్ల. నిద్దట్లోనే మిల్లు ఆగిపోనాది." కొంగుతో మొహం తుడుచుకుంది. "తానం సేయించీ ముందు ఆఖరి గెడ్డం సేస్తారు కదా. మా ఊరి మంగలి కత్తి అట్టుకుని వొచ్చినాడు. సెంప మీద సెయ్యేసి సూసినాడు. ఇంక నాను సేయక్కర్నేదమ్మా, సేసినోడెవుడో గాని సక్కగా సేసినాడు అని కత్తి మూసీసినాడు. అది నీకు సెప్పి ఎల్దామని వొచ్చినాను."

శివాజీ ఆటో స్టార్టు చేసి, హారను కొట్టకుండా ఆగాడు. ఆమె ఎక్కింది.

నూకయ్య కుర్చీ దులిపాడు. బెంచీ మీద ఎదురుచూస్తున్నవాడిని రమ్మని తల ఊపాడు. కొత్త బిళ్ళ కాగితం చించి గిన్నెలో వేశాడు.

"ఏటి నూకయ్యా, వాసనే నేదు?" అన్నాడు వాడు కళ్ళు మూసుకునే.

"నేదు," అన్నాడు నూకయ్య. "మంట ఉంటే సెప్పు. ఊరుకోకు."

ఇప్పుడు ఆ కొట్లో అందరి బుగ్గలకీ అదే సబ్బు. వాసన లేదని గొణుగుతూనే వస్తున్నారు. అద్దం కింద, పటిక రాయి పక్కన, మూడు అగ్గిపుల్లలు అంటించిన మూత పక్కకి తీసి, డబ్బా తెరిచే ఉంది. లోపలి ముక్క ఎండి, అంచులు బీటలు వారి, తెల్లబడింది. నడుమ బొటనవేలు నొక్కిన పల్లం మాత్రం అలాగే ఉంది.