ముప్ఫై ఒకటో నంబరు బిళ్ళ

నేను ఒక ఇత్తడి బిళ్ళను. రూపాయి కంటే కాస్త పెద్దదాన్ని. నెత్తిన ఒక చిల్లు, ఒంటి మీద ముప్ఫై ఒకటి అనే అంకె. బాలానగర్‌లో ఒక లేత్ షెడ్డులో రేకులోంచి నన్ను కోసి, ఆ అంకెను సుత్తితో కొట్టారు. నాకు హోదా ఆ ఒక్క దెబ్బతోనే వచ్చేసింది కాబట్టి, మనుషులు హోదాల కోసం పడే తాపత్రయం చూస్తే నవ్వొచ్చేది.

నన్ను విమానాలు బాగుచేసే హ్యాంగరుకు తెచ్చారు. విమానం రెక్క లోపల బోలుగా ఉంటుంది. ఇంధనం నింపేది అందులోనే. అది కారితే, ముందు మొత్తం తోడేస్తారు. ఆ తర్వాత రెక్క అడుగున ఉన్న కంతలోంచి ఒక మనిషి పాక్కుంటూ లోపలికెళ్ళి అతుకులకు మందు పూస్తాడు. వెళ్ళే ముందు తన బిళ్ళను కంత పక్కన కొక్కేనికి తగిలించాలి. బిళ్ళ వేలాడుతోందంటే లోపల మనిషి ఉన్నట్టు. బయట ఇంకొకరు నిలబడి, లోపల మిగిలిన ఇంధనపు ఆవిరికి ఊపిరాడక పోకుండా గాలి పంపే బ్లోయరును కనిపెట్టుకుని, నిమిషానికోసారి కేకెయ్యాలి. లోపలివాడు రేకు మీద రెండుసార్లు తట్టాలి.

మొదట నన్ను మోసిన సత్యమూర్తి మోకాళ్ళు అరిగి రిటైరయ్యాడు. ఆ తర్వాత జకరయ్య చేతికొచ్చాను. అతని నోట్లో నోరు పెట్టి గెలిచినవాడు లేడు. హ్యాంగర్లో అందరికీ ఉద్యోగాలు పంచింది అతనే. టార్చి పట్టుకునేవాడు వెలుగు శాఖ మంత్రి. నిచ్చెన పట్టుకునేవాడు ఉన్నతాధికారి. తను పాతాళ జిల్లా కలెక్టరు. కంత దగ్గర నిలబడే నూకరాజు గుమ్మం మునసబు. కాళ్ళుంటే చాలు, ఇంకే అర్హతా అక్కర్లేని ఉద్యోగమని ఏడిపించేవాడు. నూకరాజు అందరితోపాటు నవ్వేవాడు. నేను జానెడు దూరంలోనే వేలాడేదాన్ని కాబట్టి, నవ్వయ్యాక అతని మొహం ఎలా ఉండేదో నాకు తెలుసు.

ఇంతలో కంపెనీ కొత్త బ్యాడ్జీలు పంచింది. హెల్పరు నూకరాజు కాస్తా సపోర్ట్ ఎగ్జిక్యూటివ్ అయ్యాడు. అయితే ఇక తెల్లచొక్కా వేసుకుంటావా అని భార్య అడిగిందట. ఆ మాట అతను మురిసిపోతూ చెప్పాడు. జకరయ్య వదిలిపెడతాడా?

"ఎగ్జిక్యూటివ్ అయితే ఏంట్రా, చేసేది నిలబడ్డమేగా" అన్నాడు.

హ్యాంగరంతా నవ్వింది. పాడు నవ్వు. నేనూ నవ్వాను.

ఆ మంగళవారం మధ్యాహ్నం జకరయ్య నన్ను తగిలించి లోపలికెళ్ళాడు. కాసేపటికి పక్క విమానం వాళ్ళు బరువైన మెట్లబండిని తోయలేక, ఎగ్జిక్యూటివ్ గారు ఖాళీగానే ఉన్నారు కదా, ఓ చెయ్యి వెయ్యమని పిలిచారు. నూకరాజు కంత వైపు ఒకసారి, వాళ్ళ వైపు ఒకసారి చూశాడు. ఊరికే నిలబడ్డాడని మళ్ళీ అనిపించుకోవడం ఇష్టంలేక వెళ్ళాడు.

అతను అటు వెళ్ళగానే ఎవరో డ్రిల్లు మిషను కోసం బ్లోయరు ప్లగ్గు పీకేశారు. కొక్కేనికి నేనున్నాను. లోపల మనిషి ఉన్నాడని చెప్పడమే నా పని. చెబుతూనే ఉన్నాను. చూసే కళ్ళు లేవు. లోపలి నుంచి తట్టిన చప్పుడు వినిపించింది. రెండుసార్లు కాదు, చాలాసార్లు. డ్రిల్లు మోతలో అది ఎవరికీ వినపడలేదు. తర్వాత ఆగిపోయింది. ఇత్తడికి గొంతు లేనందుకు ఆ రోజు నన్ను నేను తిట్టుకున్నాను.

పావుగంటకు నూకరాజు తిరిగొచ్చి కేకేశాడు. మళ్ళీ కేకేశాడు. జకరయ్యను కాళ్ళు పట్టి బయటికి లాగేసరికి అంతా అయిపోయింది.

విచారణలో నన్ను ప్లాస్టిక్ కవర్లో పెట్టి బల్ల మీద ఉంచారు. అధికారి కాగితం ముందుకు లాక్కుని నూకరాజు పేరు రాసుకున్నాడు. హోదా ఏమిటని అడిగాడు. నూకరాజు చొక్కాకు బ్యాడ్జీ ఇంకా ఉంది. అతను దానివైపు చూడలేదు.

"నిలబడ్డమండి నా పని" అన్నాడు. "నిలబడలేదండి."