నాలుగు వేళ్ల ఎత్తు

కారు ఎత్తు తగ్గించి నేలకు దించమని వచ్చేవాళ్లంతా కుర్రకారే. వీధిలో పోతుంటే జనం తలలు తిప్పి చూడాలని వాళ్ల సరదా. జుట్టు నెరిసిన ఎలక్ట్రీషియన్ తన పాత కారు తెచ్చి దించమనేసరికి షెడ్డులో మెకానిక్ బావమరిది పడీ పడీ నవ్వాడు.

"ఏంటి బావా, ఈ వయసులో షోకులా?"

"మీ అక్క కోసంరా."

నవ్వు ఠక్కున ఆగిపోయింది.

అక్కకి తొడల్లో కండ కరిగిపోతోంది. జబ్బుకి పేరుంది గానీ మందు లేదు. ఆవిడది రీడింగ్ రూములో ఉద్యోగం. పొద్దున్నే తాళం తీసి, పేపర్లు పరిచి, గట్టిగా మాట్లాడేవాళ్ల నోళ్లు మూయించి, సాయంత్రం తాళం వేసుకుని రావాలి. కర్ర పట్టుకుని నడవగలదు గానీ, రోజూ మొగుడు దింపే కారులో సీటు మీదికి ఒళ్లు లేవడం లేదు. ఎత్తి కూర్చోబెడతానని మొగుడు అన్నందుకు కస్సుమంది.

"నువ్వు ఎత్తి, నువ్వు దించితే అది నేను వెళ్లడం ఎలా అవుతుంది? మూట చేరవేసినట్టుంటుంది. ఆ రోజే వస్తే ఉద్యోగం మానేస్తా."

అని ఊరుకోలేదు. కారు పక్కన నిలబడి, తన ఒళ్లు ఎంతవరకు లేస్తుందో చూసుకుని, సీటు అంచు దగ్గర చెయ్యి అడ్డంగా పెట్టి కొలిచింది. నాలుగు వేళ్లు. "ఇంత తగ్గించు, మిగతాది నేను చూసుకుంటా."

బావమరిది పొట్టి స్ప్రింగులు వేసి సరిగ్గా నాలుగు వేళ్లు దించాడు. మర్నాడు ఆవిడ తనంతట తాను కూర్చుని తలుపు ధడేల్మని వేసుకుంది.

"నన్ను దింపడానికి కారునే దించేశావు కదయ్యా!" అని నవ్వింది. ఆ నవ్వు చూసి ఎలక్ట్రీషియన్ ఏదో ఘనకార్యం చేసినట్టు పొంగిపోయాడు. పొంగడూ మరి!

ఆ తర్వాత ఒక వానలో, మలుపు తిరుగుతుంటే కారు తోక పక్కకి జారింది. దిగి చూస్తే వెనక టైర్లు బయటికి కొత్తవాటిలా ఉన్నాయి, లోపలి అంచుల్లో మాత్రం అరిగి తీగలు తేలాయి.

బావమరిది కారును చక్రాల వాలు కొలిచే అలైన్‌మెంట్ మిషనెక్కించాడు. తెర మీద ముందు చక్రాల అంకెలు పచ్చగా, వెనకవి ఎర్రగా వచ్చాయి.

"కారు దిగింది కదా బావా, వెనక చక్రాలు పైన లోపలికి వాలిపోయాయి. ముందు వాటికి తిప్పి సరిచేసే బోల్టుంది. వెనక వాటికి కంపెనీవాడు అసలు బోల్టే ఇవ్వలేదు. నేనేం తిప్పను?"

వాలు సరిచేద్దామని చక్రాల వెనక రేకు ముక్కలు పెట్టి చూశాడు. వేరే పార్టు దొరుకుతుందేమోనని అడగని షాపు లేదు. కొత్త టైర్లు వేస్తే వాటినీ అలాగే తినేసింది. చివరికి చేతులెత్తేశాడు.

"ఇంకోసారి తోక జారితే లారీ కిందికే పోతారు. అక్కని ఇందులో ఎక్కనివ్వను. పాత ఎత్తుకే లేపేస్తా."

"రెండు వేళ్లయినా ఉంచరా. మిగతా రెండూ మీ అక్క ఎలాగో కష్టపడుతుంది."

బావమరిది నీళ్లు నమిలాడు. "చెప్పొద్దంది బావా. మొన్న ఫోన్ చేసింది. ఇంకో రెండు వేళ్లు దించగలవా అని అడిగింది."

ఎలక్ట్రీషియన్‌కి అప్పుడు వెలిగింది. ఈమధ్య రోజూ పొద్దున్నే "గేటు దగ్గర గొళ్లెం చూసి రా, ఈలోగా నేనెక్కుతా" అని పంపేస్తోంది. తిరిగొచ్చేసరికి సీట్లో కూర్చుని చెమటలు తుడుచుకుంటూ ఉంటుంది. ఎండ అనుకున్నాడు, మొద్దు మనిషి. చక్రాల మీద, మిషను మీద, అబద్ధమాడిన పెళ్లాం మీద, అన్నిటి మీదా ఒకేసారి కోపమొచ్చి, ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియక ఏడుపొచ్చింది.

"లేపెయ్‌రా" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి ఆవిడ చీర మార్చుకుని, ఒళ్లో సంచి పెట్టుకుని, గుమ్మంలో కుర్చీ వేసుకుని ఉంది. ఎలా చెప్పాలో దారంతా కూడబలుక్కున్న మాటలన్నీ ఆయన మింగేశాడు. ఆవిడ మొగుడి మొహం చూడలేదు, చక్రాలు చూసింది. అవి నిటారుగా నిలబడి ఉన్నాయి.

"ఎత్తించేశావా?"

"ఊ."

ఆవిడ నాలుగు వేళ్లు చాపి చూసుకుని, మళ్లీ మడిచేసింది.

"సరే. నన్నూ ఎత్తు."

ఆయన తన చెవుల్ని తానే నమ్మలేకపోయాడు. ఒప్పుకుంది! ఇన్నాళ్ల పట్టు విడిచింది. ఇక రోజూ ఎత్తుకుని దింపుతాడు, దానికేం భాగ్యం! గబగబా వంగి ఎత్తి, తల తగలకుండా చెయ్యి అడ్డం పెట్టి, జాగ్రత్తగా సీట్లో కూర్చోబెట్టాడు. కాళ్లు ఒక్కొక్కటే లోపల పెట్టి, చీర కుచ్చెళ్లు సర్ది, తలుపు వేసి, అటు తిరిగొచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"రీడింగ్ రూముకేగా?" అన్నాడు హుషారుగా.

"అక్కడికే" అంటూ ఆవిడ సంచిలోంచి తాళాల గుత్తి తీసి ఒళ్లో పెట్టుకుంది. "ఇచ్చేసి వద్దాం."