ఎడమ పక్క కార్లు

విజయేందర్‌కు కారు లేదు, కొనాలన్న కోరికా లేదు. కానీ కార్ల రేసు ఆటంటే కాలేజీ రోజుల నుంచి ప్రాణం. రెజిమెంటల్ బజార్‌లో ఒక వీడియో గేమ్ సెంటర్లో స్నేహితుడు సలీంతో మొదలైన ఆ సరదా, సెంటర్ మూతపడి అక్కడ చెప్పుల దుకాణం వెలిశాక కూడా పోలేదు. పెళ్లయింది, మల్కాజ్‌గిరిలో కాపురం కుదిరింది, బట్టల షాపులో లెక్కలు రాసే ఉద్యోగం పాతబడింది. సాయంత్రం ఇంటికొచ్చి చాయ్ తాగి, టీవీ ముందు కూర్చుని రెండు రేసులు ఆడితే చాలు, పగలంతా పడ్డ మాటలు మరిచిపోయేవాడు. గెలుపు మీద పెద్ద ధ్యాస లేదు. మలుపులో కారు ఒరిగి మళ్లీ నిలదొక్కుకుంటుందే, ఆ క్షణం కోసమే ఆడేవాడు.

ఈమధ్య మాటిమాటికీ ఎడమ పక్కనుంచి వచ్చే కార్లను గుద్దేస్తున్నాడు.

"ఈ టీవీ ఖరాబైంది. పక్క కార్లు కనిపిస్తనే లేవు," అన్నాడు ఒకరోజు విసుగ్గా.

బియ్యం ఏరుతున్న భార్య సృజన తలెత్తింది. "మంచిగనే కనిపిస్తున్నయి కదా. ఎర్ర కారు గంత పెద్దగ వచ్చింది, చూడలేదా?"

అతను చూడలేదు.

సృజన చాట పక్కన పెట్టింది. "మొన్న బండి మీద సుత గిట్లనే ఆటోకు తాకించినవ్. రేపు కండ్ల డాక్టర్ దగ్గరికి పోదాం."

నీటికాసులన్నాడు డాక్టరు. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం దెబ్బతిన్నదట. "పోయిన చూపు తిరిగి రాదు. మిగిలింది కాపాడుకోవడానికే ఈ చుక్కలు. బండి మాత్రం ఇక నడపకండి."

విజయేందర్ మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "టీవీల గేమ్ ఆడొచ్చా సార్?"

"ఆడుకోండి. దానివల్ల ఎక్కువయ్యేదీ లేదు, తగ్గేదీ లేదు."

సృజన ముఖం తిప్పుకుంది.

చుక్కలు వేళ తప్పకుండా వేసినా చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుంటూనే వచ్చింది. వేరే కార్లు లేని ఖాళీ రోడ్డు పెట్టుకుని ఆడాడు. తర్వాత మలుపులు తక్కువున్న రోడ్డు వెతుక్కున్నాడు. లెక్కల్లో అంకెలు తప్పుతున్నాయని షాపు సేఠ్ ఉద్యోగం మానిపించాడు. సృజన ఒక టైలరింగ్ షాపులో చేరింది.

ఒక ఆదివారం సలీం వచ్చాడు. "నేను చెప్త భాయ్, నువ్వు తిప్పు," అంటూ పక్కన కూర్చున్నాడు. "రైట్... జెర రైట్... బ్రేక్!" మాట పూర్తయ్యేలోపే కారు గోడను గుద్దింది. మళ్లీ షురూ చేశారు. మళ్లీ గుద్దింది. సలీం గొంతు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది.

"ఏందిరా, చెప్తలేవ్?"

"నాతోని అయితలేదు భాయ్."

"పరేషాన్ గాకు. నాకు మంచిగనే ఉంది."

అది అబద్ధం కాదు. ఇంజను హోరెత్తితే వేళ్లు వాటంతటవే బిగుసుకునేవి, ఒళ్లు మలుపు వైపు ఒరిగేది. ఆ సంతోషం కొంచెం కూడా తగ్గలేదు. చూపుతోపాటు అదీ పోయుంటే ఇంత బాధ ఉండేది కాదనిపించింది అతనికి.

సలీం చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు. విజయేందర్ ఇంకో రేసు పెట్టాడు. కారు దేనికో తగిలి ఆగింది. ఎటు తిప్పినా కదల్లేదు.

వంటింట్లోంచి సృజన వచ్చి నిలబడింది. "బంద్ చేయనా?"

"వద్దు. ఉండనీ."

ఆమె అక్కడే, అతని పక్కన కింద కూర్చుంది. అతను మళ్లీ ఇంజను హోరెత్తించాడు.