రెండు విమానాల దీవెన

రాజధాని బిష్కెక్ నుంచి మా ఊరు ఓష్‌కి కొండల మీదుగా ట్యాక్సీ నడిపేవాణ్ని నేను. రెండు విమాన కంపెనీలు పంతానికి పోయి టికెట్టు ధరని నా బండి కిరాయిలో సగానికి దించేశాయి. నా బండి ఎక్కే నాథుడు లేడు. ఒళ్లు మండిపోయింది.

ఓష్‌లో మా అమ్మ అనార్కాన్ మాత్రం వచ్చే వేసవికి అనుకున్న నా కూతురి పెళ్లిని ఈ నెలకే లాక్కొచ్చింది.

"ఇంత తొందరేంటమ్మా?"

"బజార్లో పక్క కొట్టు మూయించడానికి నేనూ ఇలాగే రొట్టెలు నష్టానికి అమ్మాన్రా. ఈ విమానాలవాళ్లలోనూ ఒకడు మూసేసిన మర్నాడే రెండోవాడు ధర పెంచుతాడు. నాకు తెలీదూ!"

బిష్కెక్ చుట్టాలంతా విమానమెక్కి వచ్చేశారు. మోకాళ్ల నొప్పులతో ఏళ్ల తరబడి కొండ దాటని పెద్దత్త కూడా నవ్వుకుంటూ దిగింది. పెళ్లి పలావు ముందు కూర్చుని అందరం దీవెనకి చేతులు చాచాం; పెద్దలు దీవించగానే 'ఓమిన్', అంటే తథాస్తు, అనాలి.

"పిల్లలు చల్లగా ఉండాలి," అంది అమ్మ. "ఆ కంపెనీలు రెండూ నూరేళ్లు ఇలాగే కొట్టుకుంటూ బతకాలి. ఒక్కడూ గెలవకూడదు!"

"మరి నా బండో?"

"ముందు ఓమిన్ అనరా!"

పెద్దత్త తన చేత్తో నా నోట్లో మాంసం ముక్క పెట్టింది. నమిలి మింగి, అందరికన్నా గట్టిగా అన్నాను: "ఓమిన్!"