కొక్కేనికి వేరే ధర

ఎర్వీన్ రాప్ పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఈ సంగతి జర్మనీలోని మా ఊరు ఎబింగెన్‌లో అతనితో ఒక్కసారి మాట్లాడినవాళ్లకైనా తెలుసు. అల్లిక యంత్రాలకు సూదులు చేసే ఫ్యాక్టరీలో కుర్రవాడిగా చేరి, అక్కడే తల నెరిసి, అక్కడే చేతి గడియారం కానుకగా అందుకుని ఇంటికొచ్చాడు. వెంట్రుకవాసి తేడా ఉన్న సూదిని అవతల పారెయ్యడం అక్కడ అతని పని. ఇంట్లో సూదులు లేవు కాబట్టి మనుషులను ఏరడం మొదలుపెట్టాడు. వాటాల మెట్లు ఊడ్చే వంతు ఈ వారం ఎవరిది, ఎవరు ఎగ్గొట్టారు, బ్రెడ్డు కొట్టువాడు ఎంత తూకం తగ్గించి కాలుస్తున్నాడు, అన్నీ అతనికే కావాలి. చెడ్డవాడు కాదు. న్యాయం తన వైపుందని తేలితే మాత్రం ఇల్లు తగలబడుతున్నా ఆ సంగతి తేల్చుకునే బయటికొచ్చే రకం.

భార్య మటిల్డె పాటల మనిషి. పెళ్లికి ముందు నుంచీ ఊరి గాయక బృందంలో రెండో వరుసలో నిలబడి పాడేది. ఆవిడ వంటింట్లో సాధన చేస్తుంటే ఎర్వీన్ హాల్లోంచి, "తలుపు సందులో పిల్లి తోక ఇరుక్కుందేమో చూడవే!" అని కేకేసి తలుపు మూసేవాడు. ఆవిడ నవ్వి, తలుపు అవతల ఇంకాస్త గట్టిగా ఎత్తుకునేది.

పోయినేడు ఆకులు రాలే రోజుల్లో ఆవిడకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, నోరు పడిపోయాయి. చెయ్యి కొంచెం స్వాధీనంలోకి వచ్చింది గానీ మాట రాలేదు. ఎదుటివాళ్లు చెప్పేది శుభ్రంగా అర్థమవుతుంది. తను చెప్పాలనుకున్నది మాత్రం గొంతు దాకా వచ్చి నిలిచిపోతుంది. ఉప్పు కావాలంటే వేలితో చూపించాలి. నొప్పి ఎక్కడో చెప్పాలన్నా అంతే.

క్రిస్మస్ సెలవులకొచ్చిన కూతురు ఉల్రికె, అమ్మకు కాలక్షేపంగా ఉంటుందని గాయక బృందం నూరేళ్ల పండగనాటి కచేరీ డిస్కును తండ్రి ల్యాప్‌టాప్ కంప్యూటర్లో పెట్టింది. తెర మీద రెండో వరుసలో, నీలం కండువా వేసుకున్న మటిల్డె నోరు తెరిచింది. కుర్చీలో కూర్చున్న మటిల్డె కూడా నోరు తెరిచింది. పాట వచ్చింది. రాగం ఒక్కటే కాదు, మాటలతో సహా చరణం చరణమంతా వచ్చింది. ఉల్రికె చేతిలో ఉన్న పళ్లెం బల్ల మీద పెట్టేసి ఏడ్చింది.

వారానికి రెండుసార్లు ఇంటికొచ్చి మాట నేర్పే ఐడిన్ గారికి ఇది వింత కాదు. "మాటా పాటా ఒక చోట ఉండవు రాప్ గారూ," అంది ఆ అమ్మాయి. "మాట దారి తెగినా పాట దారి ఉంటుంది. ఆ దారినే రోజూ నడిపించండి. నడిచినన్నాళ్లే దారి. మానేస్తే గడ్డి మొలుస్తుంది. ఈ మొదటి నెలలే ముఖ్యం, తర్వాత మనం ఎంత గింజుకున్నా లాభం ఉండదు."

ఎర్వీన్ తూచా తప్పకుండా పాటించాడు. మధ్యాహ్నం కాఫీ అయ్యాక డిస్కు. రేడియోలో పాటలు వేసి చూశాడు, తెర కప్పేసి వట్టి ధ్వని వినిపించి చూశాడు, ప్రయోజనం లేకపోయింది. తెర మీద తన పెదాలు కదులుతుంటే వాటిని పట్టుకుని నడిస్తేనే ఆవిడకు పాట వస్తుంది. ఫిబ్రవరిలో ఒకరోజు పాట అయిపోయాక, అదే రాగం మీద సాగదీసి, "కా...ఫీ" అంది. ఎర్వీన్ కాఫీ తెస్తానని వంటింట్లోకి వెళ్లి, కొళాయి తిప్పి, చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. పిల్లి తోక అన్న నోటితోనే ఆ రోజు దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నాడు.

మార్చిలో కంప్యూటర్ తెర మీద ఒక ప్రకటన మెరిసింది. కొత్త సిస్టమ్ వచ్చింది, మీకు ఉచితం, సరే అనండి. మా వైపు వాళ్లు ఉచితం అంటే నిద్రలో కూడా చెయ్యి చాస్తారు. ఎర్వీన్ సరే అన్నాడు. రాత్రంతా అది ఏవేవో సర్దుకుని, తెల్లారేసరికి కొత్త పెళ్లికూతురిలా మెరుస్తూ కూర్చుంది. మధ్యాహ్నం డిస్కు పెడితే లోపల గిర్రున తిరిగింది, బొమ్మ రాలేదు. డిస్కులు ఆడించే ప్లేయర్ ఇప్పుడు ఇందులో లేదు, కావాలంటే పదిహేను యూరోలకు విడిగా కొనుక్కోవచ్చు అని రాసి ఉంది.

మటిల్డె తెర వైపు చూసి, మొగుడి వైపు చూసింది.

"ఉండవే, ఉండు," అని ఎర్వీన్ కూతురికి ఫోన్ చేశాడు.

"పదిహేను యూరోలేగా నాన్నా, కట్టెయ్. పోనీ నేను కడతాను."

"డబ్బు గురించి కాదే! ఈ డబ్బా కొన్నప్పుడే డిస్కు ఆడించడానిక్కూడా కలిపి కట్టాను. ఇప్పుడు కొత్తది ఉచితమని ఆశపెట్టి, ఉన్నది ఊడబెరికి, దాన్నే మళ్లీ నాకు అమ్ముతారా?"

"అన్యాయమే. ఎవరు కాదన్నారు? కానీ అమ్మ..."

"మేం మిల్లులకి సూదులమ్మాం. మరుసటేడు వెళ్లి, కొక్కేనికి వేరే ధర ఇవ్వండి, లేకపోతే విరిచి పట్టుకుపోతాం అన్నామా? చివర దారం పట్టే కొక్కెం లేకపోతే అది సూదేనా?"

"నువ్వు సూదుల దాకా వెళ్లావంటే ఇంక తెల్లారినట్టే. ఇంటర్నెట్‌లో ఊరికే దొరికేవి ఉన్నాయి, మా ఆఫీసులో అందరూ అవే వాడతారు. ఒకటి పెట్టిస్తాను."

"ఊరికే అన్న మాటకేగా ఒకసారి మునిగింది! చాల్లే."

"అయితే టీవీకి తగిలించే ప్లేయర్ తెస్తాను."

"తెచ్చావంటే గుమ్మం బయటే పెడతాను. కొత్తది కొన్నామంటే వాళ్లు గెలిచినట్టు కాదూ?"

అతను చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. న్యాయం అతనిదే. కానీ గోటితో పోయేదానికి గొడ్డలి పట్టుకున్నాడు.

మర్నాటి నుంచి అదే పని. కంప్యూటర్ అమ్మిన కొట్టుకు వెళ్తే, మాకు సంబంధం లేదు, సిస్టమ్ కంపెనీని అడగండి అన్నారు. కంపెనీకి ఫోన్ చేస్తే, ఉన్నవాటన్నిటినీ కొత్తదానిలో ఇస్తామని మేమెక్కడా అనలేదు అన్నారు. వినియోగదారుల సలహా కేంద్రంలో ఒకావిడ, మీ వాదన బాగుంది, రాసి పంపండి అంది. బాగుంది అన్న ఆ ఒక్క మాటతో ఎర్వీన్‌కు పదేళ్ల వయసు తగ్గింది. రిటైరయ్యాక అతనికి దొరికిన మొదటి అసలైన పని అది. పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఫోన్ దగ్గర కూర్చునేవాడు.

మటిల్డె మాత్రం కాఫీ కప్పు ఖాళీ కాగానే ఎడమచేత్తో కంప్యూటర్ మీద తట్టేది. ఎర్వీన్ తల అడ్డంగా ఊపేవాడు. "కుదరదు! చాలు!" అని మూత దబ్బున మూసేవాడు. ఆ విసురు కంపెనీ మీద. ఆ సంగతి అతనికి తెలుసు కాబట్టి ఎదుటి మనిషికీ తెలుసనుకున్నాడు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఫోన్‌లో కంపెనీ మనిషి కోసం ఎదురుచూస్తున్నాడు. పక్క కుర్చీలో మటిల్డె తనంత తానే, డిస్కు లేకుండానే, గొంతులో ఏదో కూనిరాగం మొదలుపెట్టింది. సన్నగా, బొంగురుగా, ఆగి ఆగి వస్తోంది. సరిగ్గా అప్పుడే కంప్యూటర్ టింగుమంది. మీ ప్లేయర్ ఇంకా కొనలేదు అని గుర్తుచేస్తోంది. మళ్లీ టింగుమంది. ఎర్వీన్ అరచేత్తో బల్ల మీద చరిచి, "నోర్ముయ్! ఇంక నోరు మూసుకో!" అని అరిచాడు. కంపెనీ మనిషి ఫోన్ ఎత్తాడు. ఆ పూట అవతలి మాట ఎంతో స్పష్టంగా వినపడిందని ఎర్వీన్ సంతోషించాడు. గది ఎందుకంత నిశ్శబ్దంగా ఉందో ఆలోచించలేదు.

మే నెలలో ఐడిన్ గారు నిలదీసింది. "పాడించట్లేదా రాప్ గారూ?"

"వ్యవహారం నడుస్తోంది. తేలిపోతుంది."

"పదిహేను యూరోలటగా. నా జేబులోంచి తీసి ఇవ్వనా?"

"ఏమ్మా, ముష్టివాడిలా కనిపిస్తున్నానా?"

"కోపం తెచ్చుకోకండి. చలికాలంలో ఈవిడ నేను ఒక అక్షరం అడిగితే మూడు ప్రయత్నించేది. ఇప్పుడు పెదవే విప్పట్లేదు. నేను వచ్చినప్పుడు కూడా. ఇంట్లో ఏమన్నా జరిగిందా?"

"ఏం జరుగుతుంది? కాలం మారింది కదా, అలిసిపోయి ఉంటుంది."

మటిల్డె వాళ్లిద్దరినీ చూస్తూ, పనిచేసే చేత్తో సరిగా పనిచెయ్యని చేతిని ఒళ్లో సర్దుకుంది.

ఆగస్టులో ఎర్వీన్ గెలిచాడు. మా తప్పేమీ లేకపోయినా, మీరు పాత వినియోగదారులు కాబట్టి, ఈ ఒక్కసారికి మన్నించి, ప్లేయర్‌ను ఉచితంగా ఇస్తున్నాం అని కంపెనీ ఒక సంకేత సంఖ్య పంపింది. ఎర్వీన్ దాన్ని అచ్చు తీయించి, కింది వాటాలో చూపించాడు, బ్రెడ్డు కొట్టులో చూపించాడు. చీజ్ కేకు మొత్తం కొన్నాడు, ముక్కలు కాదు. ఆదివారం రమ్మని ఉల్రికెను పిలిచాడు.

"ఒక్క సెంటు కట్టలేదు!" అన్నాడు గుమ్మంలోనే. "చూశావా? పట్టు పట్టాలే గానీ ఎంతటివాళ్లైనా దిగొస్తారు."

"చూశాలే. అమ్మేది?"

మటిల్డెకు నీలం కండువా వేసి కూర్చోబెట్టాడు. తల దువ్వింది కూడా అతనే, పాపిడి వంకర పోయింది. డిస్కు పెట్టాడు. బొమ్మ వచ్చింది. ఆవిడ మొహం ఒక్కసారిగా విప్పారింది. ఆ మొహం చూసి ఎర్వీన్ కూతురిని మోచేత్తో పొడిచాడు. తెర మీద వరుసలన్నీ ఊపిరి తీసుకున్నాయి. కుర్చీలో మటిల్డె భుజాలు కూడా లేచాయి. నోరు తెరిచింది.

తెరిచి, ఎర్వీన్ వైపు చూసింది. చూసి, ఎడమచెయ్యి ఎత్తి నోటికి అడ్డం పెట్టుకుంది.

దగ్గొచ్చిందనుకుని ఎర్వీన్ నీళ్లు తెచ్చాడు. ఆవిడ తాగింది, గ్లాసు ఇచ్చేసింది, మళ్లీ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అతను పాట మొదటికి తిప్పాడు. భుజాలు లేచాయి, చెయ్యీ లేచింది.

"పాడవే," అన్నాడు. "అదిగో, నువ్వే. పాడు."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఊపుతూ, నేను నీకు అడ్డం రానులే అన్నట్టు, పరాయింట్లో కూర్చున్న చుట్టంలా మర్యాదగా నవ్వింది.

"అమ్మని ఏమన్నావు నాన్నా?" అంది ఉల్రికె మెల్లగా.

"నేనేమంటాను? నేనెప్పుడన్నా... అన్నీ దీన్నే అన్నాను. ఈ డబ్బాని! అది టింగుమంటుంటే..." ఆ మధ్యాహ్నం గది ఎందుకు నిశ్శబ్దమైందో అతనికి ఇప్పుడు తెలిసింది. దబ్బున మూసిన మూతలు, చాలు అన్న అరుపులు, తనకు తెలియకుండానే ఎవరికి తగిలాయో తెలిసింది. ఎవరిని అంటున్నావని అడగడానికి ఆవిడకు మాట లేదు. నన్నేనా అన్న ఒక్క మాట ఉండి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదు.

మోకాళ్ల నొప్పుల మనిషి నేల మీద కూర్చుండిపోయాడు. "నిన్ను కాదే మటిల్డె. దేవుడి సాక్షిగా నిన్ను కాదు. నీ పాట కోసమే... కాదు, అబద్ధం. నా పంతం కోసం. నీ పాట పక్కన పెట్టి నా పంతం చూసుకున్నాను. నేను వెధవని. నువ్వు పాడు."

ఆవిడ విన్నది. అర్థమైంది. అతని తల మీద చెయ్యి వేసి రెండుసార్లు నిమిరింది. తర్వాత అతని కోసం, అతను ఏడుస్తున్నాడు కాబట్టి, తెర వైపు తిరిగి ఊపిరి తీసుకుని నోరు తెరిచింది.

రాగం రాలేదు. మాట రాలేదు. గొంతులోంచి ఒక గరగర వచ్చింది, అంతే. ఆ చప్పుడుకు ఆవిడే ఉలిక్కిపడింది. ఇంకోసారి ప్రయత్నించింది. చలికాలంలో ఏ చరణం ఆగకుండా వచ్చిందో, ఆ చరణంలో మొదటి అక్షరం కూడా పెదవి దాటలేదు. మటిల్డె కళ్లు పెద్దవయ్యాయి. ఈసారి ఎవరి వైపూ చూడకుండా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది, ఇక తియ్యలేదు.

"ఆపెయ్ నాన్నా," అంది ఉల్రికె.

తెర మీద రెండో వరుసలో మటిల్డె తల ఎత్తి, గొంతెత్తి పాడుతూనే ఉంది. ఎర్వీన్ లేచి కంప్యూటర్ దగ్గరికి వెళ్లాడు గానీ, దాన్ని ఆపడానికి చేతులు రాలేదు.