నోరు మెదపని నానమ్మ

శ్రీరమ్య బడిలో చేరిన రోజునుంచీ నానమ్మ వెంకటరావమ్మ కూడా బడికి వెళ్ళసాగింది. మనవరాలికి పదేళ్ళు. వయసుకు తగ్గట్టు బుద్ధి ఎదగలేదని గుంటూరు డాక్టరు చెప్పాడు. మాట నిదానం, పని నిదానం. "ఒక్కత్తీ ఎట్టా ఉండుద్ది నా తల్లి?" అంటూ నల్లపాడు అవతలి తమ పల్లె బడిలో, మూడో తరగతి గోడవారన ముసలామె తిష్ఠ వేసింది.

"నీ పేరేంటమ్మా?" అని మనోజ్ఞ టీచరు అడిగితే, శ్రీరమ్య పెదవి కదిపేలోపే వెనకనుంచి "శ్రీరమ్యండీ!" అని కేక.

"ఇది ఏ రంగు?"

"ఎరుపండీ!"

పిల్లలు పగలబడి నవ్వేవాళ్ళు. జవాబు చెప్పే పని తప్పినందుకు శ్రీరమ్య అందరికంటే ఎక్కువ నవ్వేది.

ఒకరోజు టీచరు ముసలామెను వరండాలోకి పిలిచింది.

"మామ్మగారూ, మీరు మూడో తరగతి పాసైపోయారు. ఇక మీ మనవరాలి సంగతి చూద్దామా?"

వెంకటరావమ్మకు రోషం పొడుచుకొచ్చింది. "దానికి రాదనే గదమ్మా నేను చెప్తంది!"

"వస్తుందండీ. కాకపోతే ఆలస్యంగా వస్తుంది. పనిని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కా మళ్ళీ మళ్ళీ చేయిస్తున్నాను. తను ఆలోచించుకునేలోపే మీరు అందించేస్తే ఇక ఆలోచించడం ఎందుకు?"

ముసలామె మూతి ముడుచుకుంది గానీ, మర్నాటినుంచి కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

టీచరు ఆ రోజు వచ్చిన పిల్లలకు సరిగ్గా సరిపడా మధ్యాహ్న భోజనం పళ్ళేలు లెక్కపెట్టి శ్రీరమ్య చేతికిచ్చేది. ఒక మనిషికి ఒక పళ్ళెం, అదే ఆ పిల్ల లెక్కల పాఠం. మొదట్లో శ్రీరమ్య, పుల్లమ్మ అనే ఒక్క పిల్ల ఎదుటే మూడు పళ్ళేలు పేర్చింది. టీచరు కోప్పడకుండా, పుల్లమ్మను వేలితో చూపించి "ఒకరు" అనేది, ఒక పళ్ళెం తీసి చూపించి "ఒకటి" అనేది. అలా రోజూ. వెంకటరావమ్మ కొంగును ఇంకాస్త లోపలికి కుక్కుకునేది.

మిరప కోతలు మొదలయ్యే వేళకు శ్రీరమ్య వరస తప్పకుండా పంచసాగింది. ఒకనాడు చివరిదాకా పంచింది, చేతిలో ఒక పళ్ళెం మిగిలింది. కూర్చున్న వాళ్ళందరి ముందూ పళ్ళేలున్నాయి. పిల్ల పళ్ళెంకేసి, వరసకేసి మార్చి మార్చి చూస్తూ నిలబడిపోయింది.

'ఎక్కువైందిలే, అక్కడ పెట్టెయ్' అన్న మాట వెంకటరావమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. టీచరు ఆమెకేసి చూసి తల అడ్డంగా ఊపింది. ముసలామె గట్టిగా కళ్ళు మూసుకుంది.

తెరిచేసరికి శ్రీరమ్య అక్కడ లేదు. పళ్ళెం పట్టుకుని ఎండలోకి నడిచిపోతోంది. బోరింగు దగ్గర జోసఫ్ అనే పిల్లాడు చేతులు కడుక్కోవడం మాని నీళ్ళతో ఆడుకుంటున్నాడు.

"జోసప్పూ, నీది" అంది శ్రీరమ్య.

వెంకటరావమ్మ పెట్టిన కేకకు వంటామె గరిటె జారవిడిచింది. ఈసారి టీచరు వద్దనలేదు.

ఆ సాయంత్రం చేలోంచి వచ్చిన కొడుకు శ్రీకృష్ణ, అలవాటుగా కూతురి పళ్ళెంలో అన్నం కలపబోయాడు.

"చెయ్యి తియ్యరా. అదే కలుపుకుంటుద్ది."

"ఒలకబోసుద్దమ్మా!"

"ఒలకబోస్తే ఊడుస్తాను. నువ్వు కూర్చో."

పప్పు సగం నేలపాలైంది. శ్రీరమ్య మూతినిండా అన్నంతో తలెత్తి, "ఇంకా పెట్టు నానమ్మా" అంది.